లిఫ్టు తలుపు దగ్గర మా బావ

మా బావ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. గ్లాసు పట్టుకుని వాకిలి నుంచి వంటగదికీ, వంటగది నుంచి వాకిలికీ తిరుగుతుంటే మా అక్క, "ఇల్లు కొలిచింది చాలు, ఇక కూర్చోండి" అని అరుస్తుంది. కూర్చుంటాడు. అక్క అటు తిరగ్గానే మళ్ళీ లేస్తాడు. పనిలో అందరూ ఆయన్ని బొంగరం అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. అసలు పేరు పెట్టి పిలిస్తే వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తాడు.

మేమిద్దరం లిఫ్టులు బాగుచేసే కంపెనీలో జంట మెకానిక్కులం. ఈ పని ఒంటరిగా చెయ్యరు. ఒకడు కేబిన్ నెత్తిమీద నిలబడి, చీకటి గోడల మధ్య తాళ్ళూ పట్టాలూ చూసుకుంటుంటే రెండోవాడు మేడమీది మోటారు గదిలో స్విచ్చు దగ్గర కాపలా ఉంటాడు. ఆ స్విచ్చు వెయ్యకూడనప్పుడు వేస్తే కేబిన్ మీదున్నవాడి గతి ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అందుకే మా దగ్గర జంట కుదరడం కష్టం, కుదిరితే విడదియ్యరు. నచ్చకపోతే మార్చమని అడగొచ్చు. నేను అడిగితే మా అక్క నన్ను గడప తొక్కనివ్వదు. కాబట్టి ఇన్నేళ్ళూ ఆయన వెనకాలే మెట్లెక్కుతూ, దిగుతూ, నాలో నేను తిట్టుకుంటూ బతికాను. లిఫ్టు చెడిపోయిన చోటికే కదా మేం వెళ్ళేది. మా బతుకంతా మెట్లే.

ఇంత తిరిగే మనిషి నిలకడగా ఉండే చోటు ఒకటుంది. మరమ్మతు అయ్యాక, కేబిన్ మీద నిలబడి మొదటిసారి కింద నుంచి పైదాకా మెల్లగా పోయి చూసుకుంటాడే, అప్పుడు. చేతులు కదలవు, కాళ్ళు కదలవు. గోడలే ఆయన ముందు నుంచి జారుతుంటాయి. దిగాక ముఖం చూస్తే మంచి నిద్ర లేచినవాడిలా ఉంటుంది. "ఆ కాసేపే నాకు విశ్రాంతిరా" అనేవాడు. నాకు మాత్రం అక్కడ నిలబడితే ఎప్పుడెప్పుడు దిగుతానా అని ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆయనకి జబ్బు మొదటిసారి వచ్చింది ఒక ఆస్తుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో. లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగి చెత్త తీస్తున్నవాడు ఉన్నట్టుండి పాకుతూ పైకొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. గుండె పట్టుకుని, "పోతున్నానురా" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. తిరిగొస్తూ దారిలో ఆయన నా మీద విరుచుకుపడ్డాడు, ఏదో నేనే గుండెజబ్బు లేకుండా చేసినట్టు.

అక్కడితో అయిపోలేదు. లిఫ్టులంటే భయమేమో అనుకున్నాం. కాదు. మంగలి కుర్చీలో వచ్చింది, కరెంటు బిల్లు వరసలో వచ్చింది, మా అక్కతో నవ్వుతూ మాట్లాడుతుండగా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయనకి అదే ఆఖరు అనిపించేది. కాసేపటికి దానంతట అదే పోయేది. నలుగురు డాక్టర్లను మార్చాక ఐదో ఆయన పరీక్షలేవీ రాయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి పంపించాడు. అక్కడ దానికో పేరు పెట్టారు, పానిక్ అటాక్ అని. మాత్రలిచ్చారు. వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. అవి మొదలయ్యాక రావడం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మా అక్క మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మాత్రలు తనే తెచ్చేది. రేకుల్లోంచి ఒక్కొక్కటే ఒలిచి విటమిన్ సీసాలో పోసేది. ఎవరడిగినా గ్యాస్ ట్రబుల్ అని చెప్పేది. మా ముగ్గురికీ తప్ప నాలుగో మనిషికి తెలియనివ్వలేదు. అందుకు కారణం ఉంది. మూర్ఛ, కళ్ళు తిరగడం, మనసుకు సంబంధించిన జబ్బు ఉన్నవాళ్ళని షాఫ్టు పనికి, అంటే కేబిన్ తిరిగే ఆ గోడల మధ్య పనికి, పంపకూడదని మా కంపెనీ నియమం. తెలిస్తే బావని కేబిన్ మీదకి ఎక్కనివ్వరు. ఎక్కనివ్వకపోతే ఆ మనిషి ఏమైపోతాడో మా అక్కకి నాకంటే బాగా తెలుసు.

ఇలా గుట్టుగా కొన్నేళ్ళు గడిచాక, ఒక పొద్దున ఆఫీసులుండే మేడలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల బీమా ఆఫీసులో పనిచేసే ఒకావిడ చిక్కుకుంది. ఇలాంటప్పుడు ఒకడు పైన మోటారు గదిలో కరెంటు తీసేసి, బ్రేకు వదులుచేసి, చేత్తో చక్రం తిప్పుతూ కేబిన్‌ని అంతస్తుకి తీసుకురావాలి. రెండోవాడు తలుపు దగ్గర తాళంచెవితో సిద్ధంగా ఉండాలి. చక్రం బావది, తలుపు నాది. ఇద్దరి ఫోన్లూ కలిపే ఉంచుకుంటాం.

మా పనిలో ఒక అలవాటుంది. లోపల చిక్కుకున్నవాళ్ళు ఎంతసేపని అడిగితే "ఐదు నిమిషాలు" అనాలి. గంట పట్టేలా ఉన్నా ఐదు నిమిషాలే. మాకు పని నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. నేనూ అదే అన్నాను. ఆవిడ సరేనంది. ఆ రోజు చక్రం మొండికేసింది. ఆవిడ మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ ఐదు నిమిషాలే అన్నాను. మూడోసారి అనేసరికి లోపలి నుంచి తలుపు దబదబా బాదింది. "ఇందాకట్నుంచీ అదే చెప్తున్నారు! నాకు ఊపిరాడట్లేదు!" అని అరిచింది. అప్పటికే గుమాస్తాలూ కాపలావాళ్ళూ మూగారు. తలా ఒక సలహా.

"ఏమంటోందిరా?" అని ఫోనులో బావ.

"గాలాడట్లేదంట. లోపల గాలికేం కొదవ? ఊరికే కంగారు" అన్నాను.

అటునుంచి బ్రేకు బిగించిన చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద ధడధడా అడుగుల చప్పుడు. చూద్దును కదా, బావ దిగి వస్తున్నాడు. పని మొదలెట్టాక చక్రం వదిలి రాకూడదు. బ్రేకు బిగించే వచ్చాడనుకోండి, అయినా రాకూడదు. నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని, "నువ్వు పైకి పో, తిప్పు. ఫోను పెట్టెయ్యకు" అన్నాడు. అంతమందిలో నన్ను అలా తోసెయ్యడంతో నాకు ఒళ్ళు మండింది. అయినా ఎక్కాను.

ఆ తర్వాత జరిగిందంతా నేను చక్రం తిప్పుతూ ఫోనులో విన్నదే. తలుపు మందంగా ఉంటుంది కాబట్టి బావ గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అక్కడున్న అందరికీ వినిపించేంత గట్టిగా.

"అమ్మా, నేను మెకానిక్కుని. ఐదు నిమిషాలని నేను చెప్పను. ఎంతసేపు పడుతుందో నాకూ తెలీదు. కేబిన్ కింద పడదు, అది తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. ఇప్పుడు మీకు గుండె దడదడా కొట్టుకుంటోంది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. చచ్చిపోతానేమో అనిపిస్తోంది. అవునా?"

లోపలి నుంచి ఏడుపు. ఏడుపులోనే, "అవును, మీకెలా తెలుసు?" అంది.

"నాకూ వస్తుందమ్మా. పానిక్ అటాక్ అంటారు. నేను డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు లిఫ్టు గుంతలో ఉన్నాను. పోయాననే అనుకున్నాను. మా బామ్మర్దిని పిలిచి నా బండి తాళాలు వాడి చేతిలో పెట్టాను. మీ అక్కని చూసుకో, బండి నువ్వుంచుకో అన్నాను. తీరా బతికాను. ఆ తాళాలు తిరిగివ్వడానికి వాడు పడ్డ ఏడుపు చూడాలి!"

నేను పైన చక్రం పట్టుకుని, "అబద్ధం! రెండో రోజే ఇచ్చేశాను!" అని ఫోనులోకి అరిచాను. బావ ఫోను స్పీకరులో ఉందేమో, అదీ అందరికీ వినిపించినట్టుంది. జనం నవ్వారు. ఆ నవ్వుల వెనక సన్నగా, ఎక్కిళ్ళ మధ్య, లోపలావిడ కూడా నవ్వింది.

"ఇది పోతుందమ్మా. మీరు తరమక్కర్లేదు. వచ్చిందాన్ని రానియ్యండి. నేల మీద కూర్చోండి. నేనూ ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను" అన్నాడు బావ. ఎక్కడికీ పోకపోవడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ బయటికొచ్చేదాకా అక్కడే ఉన్నాడట, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతూ.

నేను కిందికి దిగేసరికి ఆవిడ గోడకానుకుని నీళ్ళు తాగుతోంది. నన్ను చూసి అడిగిన మొదటి ప్రశ్న, "తాళాలిచ్చేశారా?"

ఎవడో పుణ్యాత్ముడు ఇదంతా వీడియో తీశాడు. సాయంత్రానికి ఊరంతా ఫోన్లలో తిరిగింది. మెచ్చుకున్నవాళ్ళున్నారు. "మెకానిక్కుకే ఇలా అయితే మనం లిఫ్టెక్కినట్టే" అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. మా మేనేజరు కంట రెండోరకం మాటలే పడ్డాయి. విచారణ అయ్యేదాకా బావని షాఫ్టు పని నుంచి తప్పించి, ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. నన్ను వేరేవాడితో జంట కట్టాడు.

మా అక్క కోపం చూడాలి. "మా షాపులో ఆ మాత్రలు ఎంతమంది కొంటారో నాకు తెలుసు. మన వీధిలోవాళ్ళే కొంటారు. మనింటికొచ్చి కబుర్లు చెప్పేవాళ్ళే కొంటారు. ఒక్కళ్ళయినా నోరు విప్పారా? ఊరందరికీ లేని దురద మీకెందుకండీ?"

బావ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే, "అంతమంది కొంటున్నారని నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"ఎలా చెప్తాను? వాళ్ళ గుట్టు వాళ్ళది."

"పేర్లొద్దు. ఉన్నారు అని చెప్పినా నాకు సరిపోయేదే. నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

అక్క లోపలికెళ్ళి గిన్నెలు అవసరమైన దానికంటే గట్టిగా తోమింది.

ఆ వీడియో చూసి మనుషులు రావడం మొదలైంది. కాపలా ఉద్యోగి ఒకడు, కాలేజీలో లెక్కలు చెప్పే పంతులమ్మ, కొత్తగా తల్లయిన ఒకమ్మాయి. గేటు దగ్గర నిలబడి నీళ్ళు నములుతారు. బావకి కూర్చోబెట్టి మాట్లాడడం చేతకాదు కదా, రండని వాళ్ళని వీధిలో తిప్పేవాడు. ఆయన ముందు, వాళ్ళు వెనక ఆయాసపడుతూ. సలహాలేమీ ఇచ్చేవాడు కాదు. తనకేం జరిగిందో చెప్పేవాడు, వాళ్ళది వినేవాడు, ఆఖర్న డాక్టరు అడ్రసు చెప్పేవాడు. వెళ్ళడానికి జంకితే వెంట వెళ్ళేవాడు. అందరికీ నచ్చిందనుకోకండి. ఒకాయన అంతా విని, "ఇదంతా మనసు గట్టిగా లేక. మీరు నన్ను మీలో కలిపేస్తున్నారు" అని మండిపడి వెళ్ళిపోయాడు. ఇంకొన్ని సాయంత్రాలు, విన్నవన్నీ నెత్తికెక్కి బావకే వచ్చేది. మెట్ల మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, అది పోయేదాకా ఉండేవాడు. అది చూసి నాకు కోపం ముంచుకొచ్చేది. "నీ బాధే నీకు చాలదా, ఊరి బాధలన్నీ నెత్తినేసుకుంటావెందుకు?" అని కసిరాను కూడా. మర్నాడు మళ్ళీ ఎవరితోనో తిరుగుతూ కనిపించాడు.

నా కొత్త జంట పేరు కొండ. పేరుకి తగ్గ ఆకారం, పేరుకి తగ్గ మౌనం. హాయిగా ఉంటుందనుకున్నాను. ఒకరోజు నేను కేబిన్ మీద ఉండి, స్విచ్చు తీసే ఉందా అని పైకి కేక వేశాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. లేదు. చీకట్లో, తాళ్ళ మధ్య, ఎప్పుడు కదులుతుందో తెలియని ఆ రేకు మీద నిలబడి నేను వేసిన కేకలు నాకే వినిపించాయి. ఎలాగో తలుపు తెరుచుకుని పాకి బయటపడి మేడమీదికి పరిగెత్తాను. కొండ స్విచ్చు పక్కనే గోడకి జారబడి నిద్రపోతున్నాడు. లేపితే ఉలిక్కిపడి ఏడ్చేశాడు. భార్య పోయిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదట. ఎవరికీ చెప్పలేదు. ఏం చెప్తాంలే అనుకున్నాడట. నేనతన్ని తిట్టలేదు. బావ దగ్గరికి తీసుకెళ్ళాను.

విచారణ రోజు రానే వచ్చింది. పొద్దున్నే అక్క బావకి చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, "ఏమడిగినా పొడిగించకండి. ఇక రాదు అనండి, చాలు" అని పాఠం చెప్పింది. నేనూ దారంతా అదే నూరిపోశాను. కుర్చీలో ఫోను దగ్గర ఆ మనిషి ఎలా ఎండిపోయాడో చూశాం కదా.

మేనేజరు చెడ్డవాడు కాదు. మా ఇద్దర్నీ లోపలికి పిలిచి, డాక్టరు రాసిచ్చింది చదివాడు. ఈయన పని చెయ్యొచ్చని అందులో స్పష్టంగా ఉంది. కాగితం పక్కన పెట్టి అన్నాడు:

"డాక్టరు గారు రాశారు, సరే. నియమం సంగతి నేను చూసుకుంటాను. మీ నోటితో కూడా ఒక్క మాట చెప్పండి, ఇక రాదు అని. రేపట్నుంచి మీ పని మీరు చేసుకోండి."

బావ కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకున్నాడు. అనెయ్యి, అనెయ్యి అని నేను లోపల మొత్తుకుంటున్నాను.

"వస్తుందండీ" అన్నాడు.

మేనేజరు నుదురు పట్టుకున్నాడు.

"ఎప్పుడొస్తుందో చెప్పలేను. వస్తే మాత్రం నాకు తెలుస్తుంది. తెలియగానే పని ఆపి, నా జంటకి చెప్పి, పోయేదాకా కూర్చుని, పోయాక లేస్తాను. ఇన్నేళ్ళూ అదే చేశాను. ఆవిడకి తలుపు బయటినుంచి నిజం చెప్పి, మీకు ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పలేనండీ."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. కేబిన్ మీద నువ్వుంటే స్విచ్చు దగ్గర ఉండేది ఈయన. అంతా తెలిసి ఎక్కుతావా?"

నేను వెంటనే ఎక్కుతానని అనాలి. అనలేకపోయాను. బావ నన్ను చూశాడు, తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు ఆయన మీద నమ్మకం లేక కాదు. కేబిన్ అనగానే ఆ చీకటి, నేను వేసిన కేకలు, జవాబు లేకపోవడం, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి.

"ఎక్కుతానండీ" అన్నాను చివరికి. "ఈయనకి బాగోకపోతే బాగోలేదని చెప్తాడు. చెప్పనివాళ్ళ చేతికింద ఎక్కాలంటేనే నాకు భయం."

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు. "కొన్నాళ్ళు చూస్తాను. ఇద్దరూ కలిసే వెళ్ళాలి. ఏదైనా తేడా వస్తే ఇద్దరూ ఇంటికే" అన్నాడు.

బయటికొచ్చి మెట్లు దిగుతున్నాం. బావ ఎప్పటిలా రెండేసి మెట్లు దూకుతూ నాలుగు మెట్లు కిందికి పోయి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"అంతసేపు ఆలోచించావేంట్రా?"

"ఆలోచించడానికేముంది? గొంతు పట్టేసింది" అన్నాను.

"మన మేనేజరుతో అంత బాగా చెప్పావు, చెప్పనివాళ్ళంటే భయమని. రేపు కేబిన్ మీద నేనుంటాను. స్విచ్చు దగ్గర ఉండేది నువ్వే కదా? నీకు బాగోకపోతే నాకు చెప్పొద్దా?"

మెట్ల కమ్మీ పట్టుకున్నాను. దిగబోయి, దిగలేక అదే మెట్టు మీద ఉండిపోయాను. చూశాడు.

"ఎక్కడుంది?" అన్నాడు.

"ఏది?"

"భయం. ఒంట్లో ఎక్కడ?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కడుపులో అన్నాను. ఇప్పుడు కూడా ఉంది అన్నాను. కొండ నిద్రపోయిన రోజు నుంచి కాదు బావా, ఈ పనిలో చేరిన రోజు నుంచీ ఉంది అన్నాను. అంటూ అంటూనే నాకు ఏడుపొచ్చింది, ఆఫీసు మెట్ల మీద, జనం ఎక్కుతూ దిగుతూ ఉండగా.

"అక్కకి చెప్పకు" అన్నాను.

"నేనెందుకు చెప్తాను? నీది నువ్వే చెప్పుకోవాలి" అని ఆ నాలుగు మెట్లూ మళ్ళీ ఎక్కి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "మిగతాది కూడా చెప్పు."

చెప్పాను.